సీడీఐ పెట్టాక మోపెడ్ లాగట్లేదు, టైమింగ్ మాత్రం సరిగ్గానే ఉంది

#1 పాతఇనుము | శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను గానీ రాయడం ఇదే మొదలు.

బండి పాతకాలపు పెడల్ మోపెడ్. 50 సీసీ టూ స్ట్రోక్, ఒకటే గేరు, బోరు 38 మి.మీ., స్ట్రోక్ 43 మి.మీ., కనెక్టింగ్ రాడ్ 85 మి.మీ. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు. రాస్తే చర్చంతా "ఓ, ఆ బండా, అదెప్పుడూ అంతే" దగ్గరే ఆగిపోతుంది.

ముందు దీనికి 6 వోల్టుల పాయింట్ల మాగ్నెటో ఉండేది (మాగ్నెట్ తిరిగి కరెంటు పుట్టిస్తుంది, పాయింట్లు విడిపోగానే స్పార్క్ పడుతుంది). గ్యాప్ 0.4 మి.మీ. పెడితే నాలుగు రోజులకే తగ్గిపోయేది. పాయింట్లు మార్చాను, కండెన్సర్ మార్చాను, క్యామ్‌ని రుద్దే ఫెల్టుకి గ్రీజు పట్టించాను. అయినా వేడెక్కాక మిస్సింగ్ పోలేదు. విసుగొచ్చి పూర్తి ఎలక్ట్రానిక్ కిట్ తెప్పించాను. కొత్త స్టేటర్ ప్లేటు (కాయిల్స్ బిగించిన, తిరగని ప్లేటు), కొత్త మాగ్నెట్, సీడీఐ బాక్స్ (పాయింట్ల బదులు స్పార్క్ వదిలే ఎలక్ట్రానిక్ పెట్టె), హెచ్‌టీ కాయిల్ (ప్లగ్గుకి ఎక్కువ వోల్టేజీ ఇచ్చేది), 12 వోల్టుల రెగ్యులేటర్, అన్నీ అందులోనే వచ్చాయి.

బిగించాను. స్టార్ట్ అవుతుంది. కానీ లాగట్లేదు. చిన్న ఎత్తు వస్తే పెడల్ తొక్కి సాయం చెయ్యాల్సి వస్తోంది. పది నిమిషాలు నడిపితే సిలిండర్ దగ్గర సైలెన్సర్ పైపు నీలం రంగు తిరిగిపోయింది. చెయ్యి దగ్గర పెడితే సెగ కొడుతోంది.

టైమింగ్ (స్పార్క్ పడే సమయం) గురించి అడగకండి, అది సరిగ్గానే ఉంది. బుక్కులో పిస్టన్ పైకొసకి చేరడానికి 0.8 నుంచి 1.2 మి.మీ. ముందు అని ఉంది, పట్టిక చూస్తే క్రాంక్ తిరిగే కోణంలో దాదాపు 16 డిగ్రీలు. టైమింగ్ లైటు (స్పార్క్ పడ్డప్పుడల్లా మెరిసి గీతలు చూపించే లైటు) పెట్టి చూసి 16 దగ్గర బిగించాను.

మరి ఇంకేం చూడాలి?

#2 మసిసైలెన్సర్ | శనివారం, రాత్రి 9:31

సైలెన్సర్ విప్పు బ్రదర్. టూ స్ట్రోక్‌లో నూటికి తొంభైసార్లు అక్కడే ఉంటుంది జబ్బు. ఎగ్జాస్ట్ పోర్ట్ దగ్గర మసి పేరుకుంటే పొగ బయటికి పోదు, బండి లాగదు, పైపు వేడెక్కుతుంది. నువ్వు చెప్పిన లక్షణాలన్నీ అవే.

#3 పెడల్‌మాస్టర్ | శనివారం, రాత్రి 9:40

మసి అన్న దగ్గరే ఉంటావు కదా అన్నా నువ్వు, పేరుకి తగ్గట్టు. :)

నా ఓటు కార్బొరేటర్‌కి. మిక్స్చర్ పల్చబడితే (గాలి ఎక్కువై పెట్రోలు తగ్గితే) అంతే, ఒళ్లంతా వేడి. మెయిన్ జెట్ (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) ఎంత సైజుది వేశారు? మాగ్నెట్ వెనక ఆయిల్ సీలు మార్చారా? స్టేటర్ ప్లేటు తీసినప్పుడు ఆ సీలు కళ్లెదురుగా ఉంటుంది. పాతదే వదిలేస్తే అక్కణ్నుంచి గాలి పీలుస్తుంది. అప్పుడు ఎంత పెద్ద జెట్ వేసినా బూడిదలో పోసిన పన్నీరే.

#4 పాతఇనుము | శనివారం, రాత్రి 10:05

సీలు మార్చాను పెడల్‌మాస్టర్ గారూ. కొత్తది లోపలి పెదవికి గ్రీజు పూసి, క్రాంక్ మీద కీ గాడికి టేపు చుట్టి దించాను, అంచుకి తగిలి చిరక్కుండా. జెట్ ముట్టుకోలేదు, పాయింట్ల రోజుల్లో వేసిందే ఉంది. అప్పుడు ప్లగ్గు ఇటుక రంగులో వచ్చేది. ఇప్పుడు చూస్తే కాస్త నల్లగానే ఉంది, పల్చబడిన లక్షణం కాదు.

సైలెన్సర్ రేపు విప్పుతాను.

#5 లేత్‌తాత | ఆదివారం, ఉదయం 6:20

అబ్బాయ్, ఒక్క సంగతి చెప్పు. మాగ్నెట్ ఎలా తీశావు, ఎలా బిగించావు? పుల్లర్ వాడావా, సుత్తి వాడావా?

ఎందుకడుగుతున్నానంటే, మాగ్నెట్‌ని గట్టిగా పట్టుకునేది టేపర్, అంటే క్రాంక్ చివర సన్నబడుతూ పోయే భాగం. ఆ అర్ధచంద్రం కీ బలం కోసం కాదు, దిశ చూపడానికి. టేపర్ సరిగ్గా కూర్చోకపోతే కీ మీద భారం పడి అది సగానికి తెగుతుంది. అప్పుడు మాగ్నెట్ కాస్త జరిగి కూర్చుంటుంది, నీ గీతలన్నీ అబద్ధాలైపోతాయి. బయటికి మాత్రం నట్టు బిగుతుగానే కనబడుతుంది.

నా పద్ధతి ఇది. క్రాంక్ టేపరూ మాగ్నెట్ లోపలి టేపరూ థిన్నర్‌తో తుడిచి, కీ తీసేసి, వాల్వులు రుద్దే సన్న పేస్టు చిటికెడు పూసి, చేత్తోనే ఇటూ అటూ తిప్పుతాను. రెండు నిమిషాలు చాలు. తుడిచి చూస్తే టేపరంతా ఒకే బూడిద రంగు తిరగాలి. అక్కడక్కడా మెరుపు మిగిలితే ఆ చోట్ల తగలట్లేదని లెక్క. తరవాత పేస్టంతా కడిగేసి పొడిగా బిగించాలి. నూనె, గ్రీజు ఏదీ పూయకూడదు. తుప్పు పట్టకుండా అని గ్రీజు పూసే మహానుభావులు ఉన్నారు, వాళ్ల కీలు నెలకొకటి తెగుతాయి.

#6 పాతఇనుము | ఆదివారం, ఉదయం 8:15

పుల్లరే వాడాను తాతగారూ. సుత్తి దెబ్బకి అయస్కాంతం బలం తగ్గుతుందనీ క్రాంక్ వంగుతుందనీ ఇక్కడే చదివాను. నట్టు విప్పేటప్పుడు క్రాంక్ తిరక్కుండా ప్లగ్గు రంధ్రంలోంచి మెత్తని తాడు దించాను, అదీ ఇక్కడ నేర్చుకున్నదే.

ఈ కిట్‌కి కీ లేదు. మాగ్నెట్ లోపల గాడే లేదు. క్రాంక్‌ని కాగితంలో చెప్పిన చోట నిలిపి, మాగ్నెట్ మీది గీత ప్లేటు మీది గీతకి ఎదురుగా తెచ్చి, అలాగే పట్టుకుని నట్టు బిగించమన్నారు. టేపర్ థిన్నర్‌తో తుడిచాను గానీ పేస్టుతో రుద్దలేదు.

సైలెన్సర్ విప్పాను. లోపల మసి ఉంది, అయితే రంధ్రం మూసుకునేంత లేదు. గీకేశాను. తేడా సున్నా.

#7 లేత్‌తాత | ఆదివారం, ఉదయం 8:50

కీ లేని రకమా? అయితే పేస్టుతో రుద్దడం తప్పనిసరి. అక్కడ టేపర్ తప్ప వేరే దిక్కు లేదు. ఇప్పుడే విప్పెయ్యి, బిగించాక మళ్లీ టైమింగ్ చూడు. జరిగి ఉంటుందని నా అనుమానం.

#8 కొత్తచెయ్యి | ఆదివారం, ఉదయం 10:30

మధ్యలో దూరుతున్నందుకు క్షమించండి. నాదీ పాత మోపెడే. అంత పెద్ద కిట్ కాకుండా, పాయింట్లూ కండెన్సరూ పీకేసి వాటి బదులు పెట్టే చిన్న నల్ల పెట్టె ఒకటి ఉంటుంది కదా, అది పెట్టాను. పాత కాయిల్, పాత మాగ్నెట్ అలాగే ఉన్నాయి. పెడల్ తొక్కితే ఎంతకీ స్టార్ట్ కాదు, వాలులో దొర్లించి వదిలితే మాత్రం ఠక్కున అందుకుంటుంది. పెట్టె చెడిపోయిందా?

#9 నాలుగోవైరు | ఆదివారం, ఉదయం 11:05

కొత్తచెయ్యి గారూ, చెడిపోయి ఉండకపోవచ్చు. ఆ పెట్టెకి విడిగా పికప్ కాయిల్ (స్పార్క్ ఎప్పుడు పడాలో చెప్పే చిన్న కాయిల్) ఉండదు. ప్రైమరీ కాయిల్‌లో పుట్టే కరెంటునే చూస్తూ, అది ఒక స్థాయి దాటగానే లోపలున్న ట్రాన్సిస్టర్ తెంచేస్తుంది. పాయింట్లు విడిపోవడానికి బదులు అదన్నమాట. మాగ్నెట్ నెమ్మదిగా తిరిగితే ఆ స్థాయికి కరెంటు చేరదు, స్పార్క్ రాదు. వాలులో వేగం వస్తుంది కాబట్టి అందుకుంటుంది.

మూడు పనులు చెయ్యండి. మాగ్నెట్‌కీ కాయిల్ కాళ్లకీ మధ్య సందు ఎక్కువుంటే తగ్గించండి, ఒకదానికొకటి రుద్దుకోకూడదు. పెట్టె ఎర్త్ వైరు కింద పెయింటు గీకి ఇనుము బయటపడేలా చెయ్యండి. అప్పటికీ రాకపోతే రెండు వైర్లూ అటూ ఇటూ మార్చవచ్చేమో పెట్టె కాగితంలో చూడండి, కొన్నిటికి ధ్రువం ఒకే వైపు సరిపోతుంది. పాయింట్లకి పెట్టిన టైమింగ్ దీనికి సరిపోదని కూడా గుర్తుంచుకోండి. పాయింట్లు క్యామ్ చెప్పినప్పుడు విడిపోతాయి, ఇది కరెంటు చెప్పినప్పుడు తెంచుతుంది. ఆ రెండు క్షణాలూ ఒకటి కావు. ప్లేటు కొంచెం తిప్పి మళ్లీ సరిచూసుకోవాలి.

ఇక పాతఇనుము గారూ, మీది చదివాక నాకు ఒకటే సందేహం. నల్ల ప్లగ్గు, నీలం పైపు, బలం లేకపోవడం, ఈ మూడూ కలిస్తే అది మిక్స్చర్ కథ కాదు. స్పార్క్ ఆలస్యంగా పడుతోంది. మంట పిస్టన్‌ని తోయాల్సిన సమయంలో తొయ్యకుండా ఎగ్జాస్ట్ పోర్ట్ తెరుచుకున్నాక కూడా మండుతూ పైపులోకి పోతోంది. అందుకే వేడంతా అక్కడ తేలుతోంది.

టైమింగ్ సరిగ్గానే ఉందన్నారు. ఎలా చూశారో అడుగు అడుగునా రాయండి. ఏ లైటు, ఎక్కడ తగిలించారు, ఏ గీత ఎక్కడ కనబడింది, అంతా.

#10 మసిసైలెన్సర్ | ఆదివారం, ఉదయం 11:20

మేడమ్, ఆయన లైటు పెట్టి 16 చూశానంటున్నాడు కదా. లైటు అబద్ధం చెబుతుందా?

#11 నాలుగోవైరు | ఆదివారం, ఉదయం 11:24

లైటు చెప్పదు. లైటుని అడిగే పద్ధతిలో తేడా ఉండొచ్చు. మేడమ్ వద్దు, అక్కా అంటే చాలు.

#12 పాతఇనుము | ఆదివారం, మధ్యాహ్నం 3:40

రాస్తాను అక్కా, వరసగా.

డయల్ గేజి ప్లగ్గు రంధ్రంలో పెట్టి టాప్ (పిస్టన్ పైకొసకి చేరే చోటు) పట్టుకున్నాను. అక్కడ మాగ్నెట్ మీద ఒక గీత, ఇంజన్ కేసు మీద ఒక గీత, రెండూ ఎదురెదురుగా. ఆ ఒక్క గీతే వేశాను.

టైమింగ్ లైటు ఒక మిత్రుడిది, కార్లకి వాడేది. వెనక చిన్న చక్రం ఉంటుంది, తిప్పితే డిగ్రీలు మారతాయి. ఇంజన్ నడుస్తుండగా ఆ చక్రాన్ని తిప్పుతూ పోతే టాప్ గీత కేసు గీతకి ఎదురుగా వచ్చి నిలబడుతుంది, అప్పుడు చక్రం మీద ఎంతుంటే అంత అడ్వాన్స్ (టాప్ కన్నా అన్ని డిగ్రీల ముందు స్పార్క్). లైటుకి విడిగా 12 వోల్టుల బ్యాటరీ ఇచ్చాను, క్లిప్పు ప్లగ్గు వైరుకి, బాణం గుర్తు ప్లగ్గు వైపు.

ఇంకో సంగతి మొదట రాయలేదు, సిగ్గేసి. కిట్ కాగితం ప్రకారం గీతలు కలిపి బిగించినప్పుడు లైటు 32 చూపించింది. భయమేసింది. అంత అడ్వాన్స్ అయితే పిస్టన్‌కి చిల్లు పడుతుందని చదివాను. అందుకే ప్లేటుని మాగ్నెట్ తిరిగే వైపుకి తిప్పుతూ 16 వచ్చేదాకా తగ్గించాను. ప్లేటు గాడి సరిపోక రెండు మి.మీ. ఆకురాయితో కూడా రాశాను.

#13 పెడల్‌మాస్టర్ | ఆదివారం, మధ్యాహ్నం 3:52

ఆ 32 ఉన్నప్పుడు బండి ఎలా నడిచింది?

#14 పాతఇనుము | ఆదివారం, మధ్యాహ్నం 4:01

బాగానే నడిచింది. నిజం చెప్పాలంటే మొదటి తొక్కుకే స్టార్ట్ అయింది. వీధి చివరిదాకా వెళ్లి వచ్చాను, అంతే. తరవాత లైటు పెట్టాను.

#15 పెడల్‌మాస్టర్ | ఆదివారం, మధ్యాహ్నం 4:03

ఇది మొదటి పోస్టులో ఉండాల్సిన ముక్క స్వామీ!! పొద్దున్నే మసి గీకించాం నీ చేత.

#16 నాలుగోవైరు | ఆదివారం, సాయంత్రం 5:15

దొరికింది.

వెనక చక్రం ఉన్న లైటు ఏం చేస్తుందంటే, స్పార్క్ పడగానే వెలగదు. మీరు చక్రం మీద పెట్టిన డిగ్రీలకి సరిపడా సమయం ఆగి వెలుగుతుంది. ఎంతసేపు ఆగాలో దానికెలా తెలుసు? ఒక స్పార్క్‌కీ ఇంకో స్పార్క్‌కీ మధ్య వ్యవధి కొలిచి లెక్క వేసుకుంటుంది. అది కార్ల కోసం చేసిన లైటు. ఫోర్ స్ట్రోక్‌లో ఒక సిలిండర్‌కి క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒక స్పార్క్. అంటే రెండు స్పార్కుల మధ్య 720 డిగ్రీలు ఉంటాయన్న నమ్మకంతో లెక్క కడుతుంది.

మీది టూ స్ట్రోక్. చుట్టుకొక స్పార్క్. మధ్యలో ఉన్నది 360 డిగ్రీలే. కాబట్టి చక్రం మీద 32 పెడితే లైటు నిజంగా ఆగేది 16 డిగ్రీలు మాత్రమే. దాని లెక్క ఎప్పుడూ రెట్టింపు.

అంటే మొదట కిట్ కాగితం ప్రకారం బిగించినప్పుడు మీ టైమింగ్ కచ్చితంగా 16. మీరు కష్టపడి దాన్ని 8కి దించారు. 8 డిగ్రీలంటే మీ ఇంజన్ కొలతలకి పిస్టన్ టాప్‌కి పావు మి.మీ. దూరం. బుక్కు చెప్పింది ఒక మి.మీ. కదా. బండి లాగమంటే ఎక్కణ్నుంచి లాగుతుంది?

ఇంకో వైపు నుంచి చూసినా తేలిపోయేది. నిజంగా 32 ఉండి ఉంటే పిస్టన్ టాప్‌కి ఇంకా 4 మి.మీ. కింద ఉండగానే స్పార్క్ పడేది. పెడల్ తొక్కినప్పుడు ఎదురు తన్నేది. మొదటి తొక్కుకి నవ్వుతూ స్టార్ట్ అయ్యేది కాదు.

కొన్ని లైట్లకి టూ స్ట్రోక్, ఫోర్ స్ట్రోక్ అని మీట ఉంటుంది. మీ మిత్రుడి లైటుకి ఉందేమో చూడండి. లేకపోతే చక్రం సున్నా దగ్గర పెట్టి వదిలెయ్యండి, దాని జోలికే పోవద్దు. సున్నా దగ్గర అది ఆగదు, కాబట్టి లెక్క తప్పే అవకాశమే లేదు. మాగ్నెట్ మీద రెండో గీత వేసుకుని దాన్నే చూడండి.

#17 మసిసైలెన్సర్ | ఆదివారం, సాయంత్రం 5:30

అక్కా, దండం. లైటు అబద్ధం చెప్పదు గానీ అరవలో చెప్పినట్టుంది.

#18 లేత్‌తాత | ఆదివారం, సాయంత్రం 6:10

ఈ చక్రాల లైట్లు మా రోజుల్లో లేవు. అయినా ఆ పిల్ల చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం.

రెండో గీత ఎటు వెయ్యాలో అబ్బాయి మళ్లీ తికమక పడతాడు, అది నేను చెబుతా. ముందు టాప్ సరిగ్గా పట్టు. డయల్ గేజి ముల్లు టాప్ దగ్గర కదలకుండా నిలబడిపోతుంది, ఆ కదలని చోట మూడు నాలుగు డిగ్రీలు తేలిగ్గా దొర్లిపోతాయి. అందుకని టాప్‌ని నేరుగా పట్టకు. ప్లగ్గు రంధ్రంలో పిస్టన్ స్టాపర్ బిగించు. మాగ్నెట్‌ని మెల్లగా తిప్పితే పిస్టన్ దానికి తగిలి ఆగుతుంది, కేసు గీతకి ఎదురుగా మాగ్నెట్ మీద పెన్సిల్ గీత పెట్టు. వెనక్కి తిప్పి రెండో వైపు నుంచి తగిలించు, ఇంకో పెన్సిల్ గీత. ఈ రెండిటికీ నట్టనడుమ ఉన్నదే అసలు టాప్. ప్లగ్గు రంధ్రం వాలుగా ఉన్న హెడ్ అయితే గేజి కొలత కూడా తప్పే చూపిస్తుంది, దీనికి ఆ బాధ లేదు.

ఇప్పుడు టాప్ గీతని కేసు గీతకి ఎదురుగా పెట్టి, మాగ్నెట్‌ని ఇంజన్ తిరిగే దిశకి వ్యతిరేకంగా 16 డిగ్రీలు తిప్పు. అక్కడ కేసు గీతకి ఎదురుగా మాగ్నెట్ మీద కొత్త గీత వెయ్యి. అదే స్పార్క్ గీత. డిగ్రీల బిళ్ల లేకపోతే మాగ్నెట్ చుట్టూ కాగితం పట్టీ చుట్టి కొలువు. మాగ్నెట్ బయటి వ్యాసం 90 మి.మీ. అనుకో, చుట్టుకొలత 283, డిగ్రీకి 0.79 మి.మీ. అంటే 16 డిగ్రీలకి 12.6 మి.మీ.

తెల్ల పెయింటు అగ్గిపుల్ల మొనతో పెట్టు. లావు బ్రష్షు పెడితే గీతే రెండు డిగ్రీలు ఉంటుంది.

#19 పాతఇనుము | ఆదివారం, రాత్రి 8:45

సాయంత్రం నుంచి నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు. ఆకురాయితో రాసిన ఆ గాడి తలుచుకుంటే మరీనూ.

మరి బుక్కు మి.మీ.లలో చెప్పింది, మీరు డిగ్రీలు అంటున్నారు. 16 అని నేను ఎక్కడో పట్టిక చూసి రాశాను. నా స్ట్రోక్‌కి అది సరైనదేనా అక్కా?

#20 నాలుగోవైరు | ఆదివారం, రాత్రి 9:20

సరైనదే. స్ట్రోక్ 43, రాడ్ 85 పెట్టి లెక్క కట్టాను. 14 డిగ్రీలు అంటే 0.80 మి.మీ., 15 అంటే 0.91, 16 అంటే 1.04, 17 అంటే 1.17, 18 అంటే 1.31, 20 అంటే 1.62. బుక్కు చెప్పిన 0.8 నుంచి 1.2 అంటే 14 నుంచి 17 డిగ్రీలు దాటి కొంచెం. మీరు మధ్యలో ఉన్నారు.

ఇవి మీ ఇంజన్‌కే. స్ట్రోక్ మారితే ఈ అంకెలు పనికిరావు, వేరే బండి వాళ్లు ఎత్తుకుపోవద్దు. డిగ్రీలకీ మి.మీ.కీ సూటి లెక్క ఉండదు. డిగ్రీలు రెట్టింపు చేస్తే మి.మీ.లు దాదాపు నాలుగింతలు అవుతాయి, 8కి 0.26, 16కి 1.04 అయినట్టు.

ఇంజన్ ఆపి గీతలు కలిపితే సరిపోదా అని తరవాతి ప్రశ్న వస్తుందని తెలుసు, ముందే చెబుతా. పాయింట్లకి సరిపోయేది. సన్న బల్బు పెట్టి చూస్తే పాయింట్లు విడిపోయే క్షణం చేతికి దొరుకుతుంది. సీడీఐలో ఆగి ఉన్న ఇంజన్‌లో విడిపోయేది ఏదీ లేదు. మాగ్నెట్ మీది గుబ్బ పికప్ కాయిల్ ముందు నుంచి వేగంగా పోతేనే పల్స్ పుడుతుంది, ఆ పల్స్ లోపలున్న ఎలక్ట్రానిక్ స్విచ్ అయిన ఎస్‌సీఆర్‌ని తెరిస్తేనే కెపాసిటర్‌లో దాచిన రెండు మూడు వందల వోల్టులు హెచ్‌టీ కాయిల్‌లోకి ఒక్క దెబ్బకి పోతాయి. వేగాన్ని బట్టి ఆ క్షణం కాస్త ముందుకో వెనక్కో జరుగుతుంది. పైగా కొన్ని బాక్సులు వేగం పెరిగేకొద్దీ కావాలనే టైమింగ్ తగ్గిస్తాయి. కాబట్టి కాగితం మీది గీతలు పని మొదలుపెట్టడానికే. తుది మాట నడుస్తున్న ఇంజన్‌దే. నిదానంగా ఉన్నప్పుడూ చూడండి, సగం పైన త్రాటిల్ ఇచ్చీ చూడండి. పై వేగంలో వచ్చేదే పిస్టన్‌ని కాపాడే అంకె.

#21 పెడల్‌మాస్టర్ | ఆదివారం, రాత్రి 9:44

దిశ కూడా చెప్పండి అక్కా, ఇక్కడ సగంమంది అదే తప్పు చేస్తారు. నేనూ చేశాను. ప్లేటుని మాగ్నెట్ తిరిగే దిశకి ఎదురు తిప్పితే అడ్వాన్స్ పెరుగుతుంది. తిరిగే దిశలోనే తిప్పితే తగ్గుతుంది. గుబ్బకి పికప్ ఎదురెళ్తే ముందే కలుస్తారు, అలా గుర్తుంచుకుంటాను.

#22 లేత్‌తాత | సోమవారం, ఉదయం 6:05

బిగించే ముందు పికప్‌కీ గుబ్బకీ సందు చూడు. కిట్ కాగితంలో 0.4 ఉంటే ఫీలర్ గేజి 0.4 ఆకు పెట్టి కొలువు, కంటితో కాదు. క్రాంక్ బేరింగ్ అరిగి ఉంటే మాగ్నెట్‌ని చేత్తో పైకీ కిందికీ ఊపి చూడు. ఆడితే ముందు బేరింగ్. లేకపోతే ఒకరోజు గుబ్బ వెళ్లి పికప్‌ని నాకేస్తుంది.

#23 కొత్తచెయ్యి | సోమవారం, ఉదయం 9:10

ఎర్త్ దగ్గర పెయింటు గీకాను, కాయిల్ సందు తగ్గించాను. మూడో తొక్కుకి స్టార్ట్ అయింది!! థాంక్యూ అక్కా. కానీ బ్రేక్ లైటు బల్బు పోయిన రోజు బండే ఆగిపోయింది. నవ్వకండి, నిజం.

#24 నాలుగోవైరు | సోమవారం, ఉదయం 10:00

నవ్వను. కొన్ని పాత మోపెడ్లలో ఇగ్నిషన్ కాయిల్ ఎర్త్ బ్రేక్ లైటు బల్బు గుండానే పోతుంది. బల్బు మాడితే ఆ దారి తెగి స్పార్క్ పోతుంది. మీ స్టేటర్ నుంచి బ్రేక్ లైటుకి పోయే వైరుని విప్పి నేరుగా ఇంజన్ కేసుకి కలిపితే ఇగ్నిషన్ బతుకుతుంది, కానీ బ్రేక్ లైటుకి వేరే దారి చూడాలి. వైరింగ్ చిత్రం ముందు పెట్టుకుని చెయ్యండి.

పాతఇనుము గారూ, మీకూ బల్బుల సంగతి ఒకటుంది. కొత్త స్టేటర్ 12 వోల్టులు. పాత 6 వోల్టుల బల్బులు ఉంటే త్రాటిల్ ఇవ్వగానే ఒకటొకటిగా మాడతాయి. అన్నీ మార్చి రెగ్యులేటర్ బాడీకి గట్టి ఎర్త్ ఇవ్వండి. పాత స్విచ్ వైరు సీడీఐ ఆపే వైరుకి తప్ప దేనికీ కలపొద్దు. ఇంజన్ తిరిగేటప్పుడు ప్లగ్గు క్యాప్ గాల్లో వేలాడదీసి స్పార్క్ చూడొద్దు, ప్లగ్గు హెడ్‌కి తగిలేలా ఆనించి చూడండి. పోయేదారి దొరక్కపోతే ఆ వోల్టేజీ కాయిల్ లోపలి ఇన్సులేషన్‌ని పొడుస్తుంది. చార్జింగ్ కాయిల్ వైరు చేత్తో పట్టుకోవడమూ మంచిది కాదు, పాయింట్ల షాక్‌లా చురుక్కుమని ఊరుకోదు.

#25 నిర్వాహకుడు | సోమవారం, మధ్యాహ్నం 1:15

కొత్తచెయ్యి గారి నల్ల పెట్టె సంగతి వేరే శీర్షిక పెట్టుకుంటే వెతికేవాళ్లకి దొరుకుతుంది. ఇక్కడిది తీసేయట్లేదు, కంగారు పడకండి.

#26 పాతఇనుము | బుధవారం, రాత్రి 10:30

రెండు రోజులు పట్టింది, కానీ చేశాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాగ్నెట్ తీసి తాతగారు చెప్పినట్టు పేస్టుతో రుద్దాను. మొదట తుడిచి చూస్తే టేపర్ పైఅంచున వేలెడు మేర మాత్రమే రంగు తిరిగింది, కింద అంతా మెరుపే. అంటే ఇన్నాళ్లూ అది సగమే పట్టుకుని ఉంది. నాలుగుసార్లు రుద్దాక ఒకే రంగు వచ్చింది. కడిగి పొడిగా బిగించాను.

స్టాపర్ దొరక్క పాత ప్లగ్గు పింగాణీ పగలగొట్టి, ఆ ఇనుప గొట్టంలో బోల్టు బిగించి సొంతంగా చేసుకున్నాను. బోల్టు మొన గుండ్రంగా రాశాను, పిస్టన్ తలమీద గీత పడకుండా. టాప్ పట్టి చూస్తే డయల్ గేజితో నేను వేసిన పాత గీత రెండు డిగ్రీలు పక్కకుంది. అదొకటి.

మాగ్నెట్ 90 కాదు, 88 మి.మీ. లెక్క కట్టి 12.3 దగ్గర గీత వేశాను. ప్లేటుని ముందున్న చోటికి తెచ్చాను. ఆకురాయితో రాసిన గాడి వల్ల స్క్రూ కాస్త వదులుగా కూర్చుంటోంది, కింద మందం వాషర్ వేశాను, గట్టిగానే పట్టుకుంది.

లైటు చక్రం సున్నాలో పెట్టి టేపు అంటించేశాను, చెయ్యి పోకుండా. చీకటి పడ్డాక స్టార్ట్ చేశాను. నిదానంగా తిరుగుతుంటే స్పార్క్ గీత కేసు గీతని చేరడానికి వెంట్రుకవాసి ముందే నిలబడింది, 17 అనుకోండి. త్రాటిల్ ఇస్తే అడ్వాన్స్ మెల్లగా తగ్గి 15 దగ్గర స్థిరపడింది. ఒక్కసారి కూడా వణకలేదు. పాయింట్ల రోజుల్లో ఆ గీత జాతరలో బొమ్మలా ఊగేది.

బండి లాగుతోంది. నిన్నటిదాకా పెడల్ తొక్కించిన ఎత్తు అలాగే ఎక్కేసింది. అరగంట నడిపి వచ్చాను, పైపు వేడిగానే ఉంది గానీ కొత్త నీలం ఎక్కలేదు. ప్లగ్గు గ్యాప్ 0.4 నుంచి 0.6కి పెంచాను, కిట్ కాగితం చెప్పినట్టు. రేపు ప్లగ్గు తీసి రంగు చూసి రాస్తాను.

#27 పెడల్‌మాస్టర్ | బుధవారం, రాత్రి 10:41

ప్లగ్గు రంగుతో పాటు పింగాణీ మీద మెరిసే చిన్న చుక్కలు ఏమైనా ఉన్నాయేమో భూతద్దంతో చూడు. ఉంటే అవి పిస్టన్ అల్యూమినియం. అడ్వాన్స్ ఎక్కువైతే మొదట అక్కడే కనబడుతుంది. 15కి రావు గానీ, చూస్తే పోయేదేముంది.

#28 పాతఇనుము | గురువారం, సాయంత్రం 6:20

చూశాను. లేవు. ఇటుక రంగు.

లైటు మిత్రుడికి తిరిగిచ్చేటప్పుడు టేపు తియ్యడం మర్చిపోయాను. ఇందాకే ఫోన్ చేశాడు, వాళ్ల కారు టైమింగ్ సున్నా చూపిస్తోందట.

#29 మసిసైలెన్సర్ | గురువారం, సాయంత్రం 6:25

సైలెన్సర్ విప్పమను.